రోహిణి కార్తెలో భోగి మంచు: చలికాలపు కార్డు చేత్తో చేసుకోవడం ఎలా

మా అక్క కూతురి పుట్టినరోజు జూలైలో వస్తుంది. వాళ్లుండేది మెల్‌బోర్న్‌లో, అక్కడ జూన్, జూలై, ఆగస్టు నెలలు చలికాలం, కాబట్టి దానికి చలికాలం బొమ్మ ఉన్న కార్డే పంపాలని నాకు పట్టుదల. పోస్టులో వెళ్లి సమయానికి అందాలంటే మాత్రం ఇక్కడ మే నెలాఖరుకో, మహా అయితే జూన్ మొదటి వారానికో కార్డు తయారైపోవాలి. అంటే విజయవాడలో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, చెయ్యి ఆనితే చెమట మరక పడే కాగితం మీద మంచు తెప్పించాలి.

మొదటిసారి దూది అంటించి, మెరుపులు చల్లి, క్రిస్మస్ చెట్లు గీసి పంపాను. అది వీడియో కాల్‌లో కార్డు పట్టుకుని "పిన్నీ, మా ఊళ్లో స్నో పడదు కదా" అంది. నిజమే, మెల్‌బోర్న్ చలి అంటే చలిగాలి, వాన. మంచు కురవడం చూడాలంటే మౌంట్ బుల్లర్ లాంటి కొండల మీదికి వెళ్లాలి. మరి ఆ పిల్ల మాతో కలిసి చూసిన చలి ఏది? వాళ్లకి ఎండాకాలం సెలవులు డిసెంబరు చివర్లో మొదలై జనవరి దాకా ఉంటాయి, అందుకే సంక్రాంతికి వస్తారు. కోనసీమలో అమ్మమ్మగారి ఊళ్లో భోగి రోజు తెల్లవారుజామున శాలువా కప్పి బయటికి తీసుకెళ్తే, నోట్లోంచి ఆవిరి వస్తోందని మళ్లీ మళ్లీ ఊదుకుంటూ నిలబడిపోయింది. ఆ పొద్దునే కార్డులో పెట్టాలనిపించింది.

మనం గడ్డి మీది బొట్టునీ మంచే అంటాం, కాలవ గట్టు మీద తెల్లగా పరుచుకున్నదాన్నీ మంచే అంటాం, హిమాలయాల మీద కురిసేదాన్నీ మంచే అంటాం. ఈ మూడింటిలో కాగితం మీద బాగా కుదిరేది మధ్యది, పొగమంచు. దానికి దూదీ మెరుపులూ ఏమీ అక్కర్లేదు, బటర్ పేపర్ చాలు. నేను మూడేళ్లుగా చేస్తున్న పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ముందు సామాను

కార్డుకి మందంగా ఉండే 300 జీఎస్ఎం వాటర్ కలర్ పేపరు, ఏ4 సైజు ఒకటి. మధ్యకి మడిస్తే సుమారు 14.8 సెంటీమీటర్ల వెడల్పు, 21 ఎత్తు వస్తుంది. మామూలు చార్ట్ పేపర్ మీద నీళ్ల రంగు వేస్తే అలలు అలలుగా లేచిపోతుంది, దాని జోలికి వెళ్లకండి.

మంచుకి కావాల్సింది స్టేషనరీ షాపుల్లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ పిల్లలు కొనే గేట్‌వే షీటు, అంటే కిందిది కనపడే మందపాటి ట్రేసింగ్ పేపరు, దాంతో పాటు దానికన్నా పలుచటి బటర్ పేపర్. రెండూ ఒక్కోటి కొనుక్కోండి, రెండింటికీ పని ఉంది. వంటింట్లో కేకుల కింద వేసే బటర్ పేపర్ మాత్రం వద్దు. దాని మీద పూత ఉంటుంది, టేపూ పట్టదు, రంగూ నిలవదు. పేరు ఒకటే కావడంతో ఇంట్లో ఉంది కదా అని చాలామంది అదే తీస్తారు.

ట్యూబుల్లో వచ్చే వాటర్ కలర్స్, ఒక వెడల్పు బ్రష్, కట్టర్, స్టీలు స్కేలు, సన్నటి డబుల్ సైడ్ టేప్, తెల్ల దారం, సూది, ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను ఒకటి, పాత మౌస్ ప్యాడ్. వీటితో పాటు ఇంట్లో అలమరలో పేరుకుపోయిన పెళ్లి శుభలేఖలు. వాటి కాగితం మందంగా, గట్టిగా ఉంటుంది, ఎరుపు, పసుపు, బంగారు రంగుల్లో అంత మంచి కాగితం విడిగా కొనాలంటే ఖరీదు. నాలుగు మూలలా పసుపు రాసి ఉంటుంది కాబట్టి ఆ అంచులు కత్తిరించి వాడుకోండి.

ఎండిన బంతి రేకులు, గడ్డి పోచలు, వరి కంకి, గింజలు అంటించాలని మనసు లాగుతుంది, సంక్రాంతి బొమ్మ కదా. ఆస్ట్రేలియాకి పంపేటట్టయితే అవేవీ వద్దు. మొక్కలకి సంబంధించినవి, గింజలు, ఎండు పూలు పోస్టులో వస్తే అక్కడ ఆపి తనిఖీ చేస్తారు, తీసి పారేసే అవకాశం కూడా ఉంది, ఆ విషయంలో వాళ్లు చాలా గట్టిగా ఉంటారు. బంతిపువ్వు కావాలంటే శుభలేఖ పసుపు కాగితంతో చేసుకుందాం.

ఎండతో పేచీ

అసలు కష్టం ఇక్కడే. ఎండాకాలంలో కాగితం పని అందరికీ ఒకేలా చెడదు, మీరుండే ఊరిని బట్టి చెడుతుంది. రామగుండం, ఖమ్మం, హైదరాబాద్ వైపు పొడి ఎండ, రంగు బ్రష్ తిప్పేలోపే ఆరిపోయి గీతలు గీతలుగా కనిపిస్తుంది. విజయవాడ, కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోత, ఇక్కడ రంగు ఆరుతుంది కానీ కాగితం ఎప్పుడూ కాస్త మెత్తబడే ఉంటుంది, దానికి తోడు మోచేతి నుంచి మణికట్టు దాకా చెమట కారుతూ ఉంటుంది. గేట్‌వే షీటుకి తేమ తగిలితే ఆ ఒక్కచోటే ఉబ్బి ముడత పడుతుంది, ఆరినా ఆ ముడత పోదు. ఒక్క చెమట చుక్క చాలు.

అందుకే పొద్దున అయిదు నుంచి ఏడున్నర దాకానే కూర్చోండి. ఒక్కరోజులో ముగించేద్దామనుకోవద్దు, మూడు పొద్దులకి పంచుకుంటే హాయిగా అవుతుంది: మొదటి రోజు ఆకాశం, రెండో రోజు చెట్లూ మంచూ, మూడో రోజు ముగ్గూ మంటా కూర్పూ. రంగు వేసేటప్పుడు ఫ్యాను ఆపాలి, ఆపకపోతే గాలి తగిలిన వైపు ముందు ఆరి మరక కడుతుంది. కత్తిరించిన ముక్కల మీద బరువుగా ఒక పుస్తకం పెట్టండి. పోయినేడాది మధ్యాహ్నం కరెంటు పోయిందని కిటికీ తెరుచుకుని పనిచేస్తున్నాను, ఉన్నట్టుండి కరెంటొచ్చి ఫ్యాను అయిదు మీద తిరిగింది, రెండు గంటలు కూర్చుని కత్తిరించిన కొబ్బరిచెట్లన్నీ మంచం కిందికి పోయాయి, అందులో రెండు దొరకనే లేదు.

ఎయిర్ కూలర్ ఉన్న గదిలో కాగితం పని వద్దు, అది వదిలేది తేమ గాలే కాబట్టి షీట్లు అప్పడాల్లా వంకర తిరుగుతాయి. ఏసీ ఉంటే ఇబ్బంది లేదు, కాకపోతే రంగు తొందరగా ఆరుతుంది. చేతి కింద ఎప్పుడూ ఒక పొడి చేతిరుమాలు వేసుకుని దాని మీదే చెయ్యి ఆనించండి.

పొడి ఎండ ఊళ్లవాళ్లకి ఒక చిట్కా: మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఒక చుక్క, రంగు కలిపే నీళ్లలో వేస్తే పూత కాస్త నెమ్మదిగా ఆరుతుంది. ఒక్క చుక్కే. ఎక్కువైతే రంగు ఆరాక కూడా జిడ్డుగా ఉంటుంది, ఉక్కపోత ఊళ్లలో అయితే అసలు వెయ్యకండి.

ఆకాశం

కాగితాన్ని ముందు మడత దిశ చూసుకుని మడవాలి. షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఒకవైపు సులువుగా వంగుతుంది, మడత ఆ దిశలో పడితే అంచు పగలదు. ఏ4 షీటులో అది మనకి కావాల్సిన వైపు లేకపోయినా కంగారేం లేదు, సరిగ్గా మధ్యలో స్కేలు పెట్టి ఇంకు లేని పెన్నుతో రెండు మూడుసార్లు గాడి పడేలా గీసి మడిస్తే శుభ్రంగానే వస్తుంది. మడిచి, మళ్లీ విప్పి, బల్లకి నాలుగు వైపులా కాగితం టేపు వేసి బిగించండి.

కార్డు ముందు పేజీలో చుట్టూ ఒక సెంటీమీటరు తెల్ల అంచు వదిలి లోపలి భాగాన్ని ముందు మామూలు నీళ్లతో తడపండి. నీళ్లు నిలవకూడదు, పక్క నుంచి చూస్తే మెరుస్తుంటే చాలు. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా కలిపితే బూడిద నీలం వస్తుంది, అది పైనుంచి కిందికి పలచబడేలా లాగండి. మధ్యకి వచ్చేసరికి దాదాపు నీళ్లే మిగలాలి, అక్కడ ఒక్కసారి పలుచటి నారింజ తాకించి వదిలెయ్యండి. సూర్యుణ్ణి గుండ్రంగా గీయొద్దు. భోగి పొద్దున అయిదింటికి సూర్యుడు ఎక్కడున్నాడు!

తడి ఆరాక, సన్న బ్రష్‌తో అన్నిటికన్నా దూరంగా ఉండే చెట్ల వరస ముదురు బూడిద రంగులో వేసేయండి, కింది అంచు నుంచి 10, 11 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. చాలా ముదురుగా వేశామే అని భయం వేస్తుంది, వేయనివ్వండి, దీని మీద మంచు పరిస్తే ఎలాగూ లేతబడిపోతుంది.

మంచు పరచడం

ఇప్పుడు అసలు పని. మన డెల్టా ఊళ్ల మంచు ఎలా ఉంటుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. రాత్రి ఆకాశం తేటగా ఉండి నేల చల్లబడితే కాలవల మీదా, తడి పొలాల మీదా ఉన్న తేమ నేలని అంటిపెట్టుకుని తెల్లగా గడ్డకట్టినట్టు నిలుస్తుంది. అందుకే కొబ్బరిచెట్ల మొదళ్లు కనపడవు, తలలు మాత్రం గాల్లో తేలుతున్నట్టుంటాయి. బొమ్మలో ఈ ఒక్కటి పట్టుకుంటే చాలు, చూసినవాళ్లు "ఇది మన ఊరే" అంటారు. కింద తెలుపు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తేట.

గేట్‌వే షీటు నుంచి 12.8 సెంటీమీటర్ల వెడల్పు, 13 ఎత్తు ముక్క కత్తిరించండి. దాని పై అంచుని కత్తెరతో కాకుండా చేత్తో చించాలి. ఎడమచేత్తో కాగితాన్ని బల్లకి అదిమి, కుడిచేత్తో మీ వైపుకి, మెల్లగా, కొండలు లోయల్లా పైకీ కిందికీ తిప్పుతూ చించండి. చిరిగిన చోట సన్నటి తెల్ల చార పడుతుంది, అదే మంచు అంచు. కత్తెరతో తిన్నగా కోస్తే కర్టెన్ కట్టినట్టుంటుంది. ఒక సెంటీమీటరు చించడానికే పోతుంది కాబట్టి చివరికి 12 మిగులుతుంది.

దీన్ని ఆకాశం మీద, కింది అంచుకి ఆనించి పెట్టి చూడండి. ఇందాక భయపడ్డ ఆ ముదురు చెట్లు ఎక్కడో రెండు పొలాల అవతల ఉన్నట్టు వెనక్కి వెళ్లిపోతాయి. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన క్షణం ఇదే, ఎన్నిసార్లు చేసినా మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టి చూసుకుంటాను.

ఈ షీటు మీద నాలుగైదు కొబ్బరిచెట్లు అంటించాలి. నల్ల కాగితం వద్దు, మరీ కొట్టొచ్చినట్టుంటుంది, ముదురు బూడిద లేదా ముదురు ఆకుపచ్చ శుభలేఖ కవరు బాగుంటుంది. చెట్లు నిటారుగా ఒకే ఎత్తులో వద్దు, కాలవ వైపు ఒరిగినట్టు ఒకటి, పొట్టిది ఒకటి ఉండాలి. తలలు చించిన అంచు దాటి పైకి రావాలి. దాని మీద రెండో పొర, ఈసారి పలుచటి బటర్ పేపర్, 8 సెంటీమీటర్ల ఎత్తు, ఇది కూడా పైన చించిందే. ఇప్పుడు మొదళ్లు మాయమై తలలు తేలతాయి. మూడో పొర మంచు వద్దు. వేసి చూశాను, అడుగు బొమ్మ మొత్తం తుడిచిపెట్టుకుపోయి తెల్లగోడలా అయింది.

ఈ పొరల్ని ఫెవికాల్‌తో అంటించకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. జిగురులో నీళ్లుంటాయి, గేట్‌వే షీటు ఆ నీళ్లు పీల్చి ముడుచుకుంటుంది, పైగా లోపలి జిగురు మరక బయటికి కనపడుతుంది. టేపైనా మధ్యలో వేస్తే కనిపిస్తుంది కాబట్టి అడుగు అంచు ఒక్కచోటే వెయ్యండి, దాని మీద నేల వస్తుంది, కప్పేస్తుంది. పై అంచు వదులుగానే ఉండనివ్వండి. కార్డు చేత్తో పట్టుకుని ఊదితే మంచు కాస్త కదులుతుంది, పిల్లలకి అది భలే సరదా.

నేల మీద ముగ్గు

12.8 వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తులో మట్టిరంగు కాగితం ముక్క ఒకటి, అదే కొలతలో గేట్‌వే షీటు ముక్క ఇంకొకటి. ముగ్గు ఈ రెండో ముక్క మీద వేస్తాం, రంగు లేకుండా.

గేట్‌వే షీటుకి ఒక గుణం ఉంది. మెత్తటి దాని మీద పెట్టి మొద్దు ములికితో నొక్కితే, నొక్కిన చోట కాగితం సాగి తెల్లబడుతుంది. మౌస్ ప్యాడ్ మీద షీటు పెట్టి, ఇంకు లేని బాల్‌పెన్నుతో నొక్కి చూడండి, బియ్యప్పిండి చుక్క పెట్టినట్టే కనపడుతుంది. ఒకేసారి గట్టిగా నొక్కితే చిల్లు పడుతుంది. తేలిగ్గా మూడు నాలుగుసార్లు అదే గీత మీద తిప్పాలి. ఇది కూడా పొద్దున పూటే చెయ్యాలి, మిట్టమధ్యాహ్నం పొడి ఎండలో కాగితం పెళుసెక్కి సాగకముందే చిరుగుతుంది.

ముందు చుక్కలు. అయిదు చుక్కలు, సందు చుక్క, మూడు వరకు. అంటే మధ్య వరస అయిదు, దానికి పైనా కిందా నాలుగు, ఆ తర్వాత మూడు, మొత్తం 19. చుక్కకీ చుక్కకీ మధ్య అర సెంటీమీటరు పెడితే ముగ్గు రెండు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, నేలకి సరిపోతుంది. చుక్కల్ని అలా పెట్టగానే ఆరు మూలలు ఏర్పడతాయి, వాటి మీద ఆరు రేకుల పువ్వు కలపండి. చెయ్యి తిరిగినవాళ్లు మెలికల ముగ్గు వేసుకోవచ్చు కానీ ఇంత చిన్న కొలతలో గీతలు దగ్గరదగ్గరగా పడి కాగితం తెగే ప్రమాదం ఉంది.

షీటుని తిరగేస్తే ఉబ్బెత్తుగా ఉన్న వైపు పైకి వస్తుంది, దాన్ని మట్టిరంగు ముక్క మీద పెట్టండి. వేలితో తడిమితే ముగ్గు చేతికి తగులుతుంది. మధ్యలో పసుపు శుభలేఖ నుంచి పంచింగ్ మెషీన్‌తో తీసిన చిన్న గుండ్రటి ముక్క ఒకటి అంటిస్తే గొబ్బెమ్మ మీద బంతిపువ్వు. ముగ్గు చుట్టూ అక్కడక్కడా ఇంకో పది చుక్కలు విడిగా నొక్కితే మంచు బిందువులు.

భోగి మంట

మంట మంచుకి వెనకాల పెట్టొద్దు, అన్నిటికన్నా ముందు, ఏ పొరా కప్పకుండా ఉండాలి. బొమ్మ మొత్తంలో వెచ్చటి రంగు ఇదొక్కటే ఉంటేనే చుట్టూ చలి తెలుస్తుంది. ఎరుపు, నారింజ, పసుపు శుభలేఖ కాగితాలతో మూడు సైజుల్లో నాలుకల్లా కత్తిరించి, పెద్దది వెనక, చిన్నది ముందు అంటించండి. లోపలి పసుపు ముక్క బంగారు పూత ఉన్న కాగితమైతే కార్డు కదిల్చినప్పుడల్లా మెరుస్తుంది. కింద రెండు కర్ర ముక్కలు, పాత చాట ఒకటి. మంట పక్కన నిలబడ్డ మనుషులు రెండు మూడు ఆకారాలు చాలు, అందులో ఒకటి చిన్నది, శాలువా కప్పుకుని ఉన్నది. మొహం గీయక్కర్లేదు, ఎవరో దానికి తెలిసిపోతుంది.

ఇక్కడ ఫోమ్ టేప్ వాడితే మంట పైకి లేచి అందంగా ఉంటుంది కానీ పోస్టులో నలుగుతుంది. చేతికిచ్చే కార్డయితే పెట్టండి, పోస్టుకయితే మామూలు టేపే.

కలిపి కుట్టడం

టేపు జిగురు ఎండకి కరిగి జారుతుంది, ఇది చాలామందికి అనుభవమే. అందుకే అడుగు అంచున నాలుగు పొరలనీ కార్డుతో కలిపి తెల్ల దారంతో అయిదారు కుట్లు వేస్తాను. ముందు సూదితో బెజ్జాలు పొడుచుకోండి, కార్డు అంచుకి కాస్త లోపలగా, బెజ్జానికీ బెజ్జానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి, దగ్గరైతే గేట్‌వే షీటు స్టాంపు చించినట్టు ఊడొస్తుంది. దారం లాగేటప్పుడు బిగించొద్దు. ముడి కార్డు లోపలి వైపు వస్తుంది కదా, దాని మీద రాయడానికి వేరే తెల్లకాగితం అంటించేస్తే కనపడదు.

మాకు నిజం మంచే కావాలంటే

కార్డు అందుకునేవాళ్లు అమెరికాలోనో, కెనడాలోనో ఉంటే కురిసే మంచు బాగానే ఉంటుంది. అప్పుడు ఆకాశం పూత మీద రాళ్ల ఉప్పు చల్లండి, ఉప్పు నీళ్లని పీల్చుకున్న చోటల్లా రంగు చెదిరి నక్షత్రాల్లా తెల్లమచ్చలు పడతాయి. పూత మెరుపు తగ్గుతూ, ఇంకా తడి ఉన్నప్పుడే చల్లాలి. చలికాలంలో ఆ అదను కాసేపు ఉంటుంది, మే నెలలో రెప్పపాటులో పోతుంది, కాబట్టి కాగితాన్ని వెనక వైపు కూడా తడిపి, ఉప్పు గుప్పిట్లో పట్టుకునే రంగు వెయ్యండి. పూర్తిగా ఆరాక ఉప్పు దులిపేయాలి, లేకపోతే ఉక్కపోతకి చెమ్మ పట్టి మరకలు కడుతుంది.

కాగితంతో మంచు పువ్వులు కత్తిరించేవాళ్లు చాలామంది ఎనిమిది మూలలు చేస్తారు, మడతలు వరసగా సగానికి సగం వేసుకుంటూ పోవడం వల్ల. నిజం మంచు స్ఫటికానికి ఆరే. 1885లో అమెరికాలోని వెర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు ఒక్క మంచు స్ఫటికాన్ని సూక్ష్మదర్శినికి కెమెరా బిగించి ఫొటో తీశాడు, ఆ తర్వాత జీవితమంతా వేల ఫొటోలు తీశాడు, దాదాపు అన్నీ ఆరు మూలల లెక్కే. ఇందాకటి 19 చుక్కల ముగ్గు దానికి సరిగ్గా సరిపోతుంది, అదే వేసి చుట్టూ కత్తిరించుకోవచ్చు.

లోపల రాత, పోస్టు

జెల్ పెన్ను చెమట చేతికి అలుక్కుపోతుంది, బాల్‌పెన్ను మేలు. ఆ పిల్లకి తెలుగు అక్షరాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి, అందుకే పెద్దగా, విడివిడిగా రాస్తాను. పోయినేడాది రాసింది ఇంతే: "బంగారం, నోట్లోంచి పొగ వచ్చిందే, ఆ పొద్దున ఇదే. సంక్రాంతికి రా, మళ్లీ ఊదుదాం. పిన్ని."

మడిచాక ఏ5 సైజయ్యే మన కార్డుకి సీ5 కవరు సరిగ్గా సరిపోతుంది. కవర్లో కార్డు వెనక పలుచటి అట్ట ఒకటి పెట్టండి, వంగకుండా ఉంటుంది. అంటించే ముందు కార్డుని ఒక రాత్రంతా పుస్తకాల బరువు కింద ఉంచితే పొరలు సర్దుకుంటాయి. కవరుని రోడ్డు పక్కన ఎండలో కాలిపోతున్న ఎర్ర డబ్బాలో వేయకండి, పోస్టాఫీసు కౌంటర్‌లో ఇచ్చి తూకం వేయించి సరిపడా స్టాంపులు అంటించండి. మామూలు ఉత్తరం స్టాంపు సరిపోదు, ఇది బరువుగా ఉంటుంది. నేను మూడు వారాలకి పైనే గడువు చేతిలో ఉంచుకుంటాను, మిట్టమధ్యాహ్నం కాకుండా పొద్దున తెరవగానే వెళ్లి ఇచ్చేస్తాను.